‘ఊఁ’ అన్నాడు, ‘అర్థమైంది’ అని రాశారు

నేను జెనీవా వెళ్లలేదు. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది, ఎందుకంటే మా వీధిలో సగం మంది వెళ్లొచ్చాననే అనుకుంటున్నారు. ఎదురింటావిడైతే "అక్కడ చలి ఎక్కువటగా, స్వెట్టర్ ఏదైనా కొన్నావా?" అని కూడా అడిగింది. ఈ పని మీద నేను వెళ్లిన అతి దూరం భువనేశ్వర్. రాత్రి బస్సులో వెళ్లి, మర్నాడు రాత్రి బస్సులోనే తిరిగొచ్చాను. నేను రాసిచ్చిన నాలుగు లైన్లు మాత్రం జెనీవా వెళ్లాయి.

మాది పర్లాకిమిడి. ఆటో ఎక్కితే కాసేపట్లో పాతపట్నం, అంటే ఆంధ్రా. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మా ఊరు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఇటు వచ్చింది. మా ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా చదువు, వకీళ్ల దగ్గర పని కాబట్టి కాగితాల మీద ఇంగ్లిష్. పద్నాలుగేళ్లుగా చేస్తున్నది టైపింగు, అనువాదం. అటువైపు నుంచి వచ్చే తెలుగువాళ్లు ఎఫ్ఐఆరో, ఛార్జిషీటో పట్టుకుని "ఇందులో ఏం రాసుందమ్మా" అని వస్తారు. చదివి చెప్తాను, కావాలంటే తెలుగులో రాసిస్తాను. పేజీకి ఇంత అని తీసుకుంటాను, లేనివాళ్ల దగ్గర తీసుకోను. అందరూ పిలిచే పేరు ‘టైపమ్మ’.

2024 మొదట్లో ఒక ఫోన్ వచ్చింది. విచారణ ఖైదీల మీద పనిచేసే ఒక సంస్థ. పేరు చెప్పొద్దన్నారు, చెప్పను. మాట్లాడినావిడను నేను మేడమ్ అనే పిలిచాను, ఇక్కడా అలాగే రాస్తాను. విషయం ఏమిటంటే, ఆ జూలైలో జెనీవాలో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ ముందు మన దేశం హాజరవుతోంది. పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక ఎలా అమలు చేస్తున్నారో కమిటీ ప్రశ్నలు వేస్తుంది, ప్రభుత్వం జవాబులు చెప్తుంది. ప్రభుత్వం తన నివేదిక తాను ఇస్తుంది. బయటి సంస్థలు కూడా తమకు తెలిసింది వేరే నివేదికగా పంపుకోవచ్చు. అలాంటిదే ఒకటి కొన్ని సంస్థలు కలిసి రాస్తున్నాయి. కోర్టు భాష రాని ముద్దాయిల సంగతి సరిహద్దు జిల్లాల నుంచి ఏమైనా దొరుకుతుందా అన్నది ఆవిడ ప్రశ్న.

నేను పని చేసే సీనియర్ ప్లీడరు గారికి చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అలా తుడుచుకుంటే క్లాసు మొదలైందని అర్థం.

"మన దేశం ఆ ఒడంబడికలో చేరింది 1979 ఏప్రిల్ 10న. అంతకు నెలా రెండు నెలల ముందే సుప్రీం కోర్టులో హుస్సైనారా ఖాతూన్ కేసు. బీహార్ జైళ్లలో, పడాల్సిన శిక్ష కన్నా ఎక్కువ కాలం విచారణ ఖైదీలుగానే పడి ఉన్నవాళ్లు. అదే ఏడాది ఇదీ, అదీ. ఆ కమిటీ ముందుకు మనం కిందటిసారి వెళ్లింది ఎప్పుడో తెలుసా? 1997లో. తర్వాతి నివేదిక 2001 చివరికల్లా ఇవ్వాలి. ఇచ్చింది 2021లో."

ఇరవై ఏళ్లు లేటు. మా దగ్గర వాయిదాకి ఇరవై నిమిషాలు లేటయితే వారెంటు వేస్తారు. పైకి అనలేదు.

"సరే గానీ" అన్నారాయన, "ఆ కాగితం పట్టుకుని మన కోర్టుకెళ్తే ఏం పలుకుతుంది? భాష సంగతి మనవాళ్లు ఎప్పుడో చెప్పారు. 1962లో హరికిసన్ కేసు, మహారాష్ట్రది. ఇంగ్లిష్ రాని మనిషిని డిటెన్షన్‌లో పెట్టి, కారణాలు ఇంగ్లిష్‌లో ఇస్తే ఇచ్చినట్టు కాదు అన్నారు. సీఆర్‌పీసీ 279 ఉండనే ఉంది. సాక్ష్యం ముద్దాయికి తెలియని భాషలో నడిస్తే తెలిసిన భాషలో చెప్పాలి. ఇవన్నీ వదిలేసి జెనీవా ఎందుకమ్మా?"

నా దగ్గర జవాబు లేదు. కానీ ఆయన మాట్లాడుతుంటే నాకు 2023 జూలైలో ఒక మధ్యాహ్నం గుర్తొచ్చింది. మేడమ్‌కి సరే అన్నది దానివల్లే.

ఆ రోజు నేను ఒక కోర్టు హాల్లో వెనక బెంచీ మీద నకలు కోసం కూర్చున్నాను. ఏ ఊరి కోర్టో అనవసరం. గంజాయి కేసు పిలిచారు. పాతికేళ్ల కుర్రాడు బోనులోకి వచ్చాడు. నీలం చొక్కా, పై గుండీ లేదు, దాని బదులు పిన్నీసు. లీగల్ ఎయిడ్ వకీలు వేరే హాల్లో ఉన్నారని ఒక జూనియర్ నిలబడ్డాడు. అభియోగం ఒడియాలో చదివారు. చదవడం మొదలైన దగ్గర్నుంచీ ఆ కుర్రాడు మధ్యమధ్య "ఊఁ" అంటున్నాడు. మన ఇళ్లలో రాత్రి కథ చెప్తుంటే పిల్లలు ఊఁ కొడతారే, అచ్చం అలా. ఆపితే "ఊఁ". మళ్లీ మొదలెడితే కాసేపాగి "ఊఁ". ఆ కొట్టడంలోనే నాకు తెలిసిపోయింది, వీడు మనవాడు, వీడికి ఒక్క ముక్క అర్థం కావడం లేదు. చివర్లో అడిగారు. దానికీ "ఊఁ" అన్నాడు. కేసు అయిపోయింది, తీసుకెళ్లిపోయారు.

తర్వాత రికార్డు చూస్తే ఇంగ్లిష్‌లో రెండు లైన్లు. తెలుగులో చెప్పాలంటే: ‘అభియోగం ముద్దాయికి చదివి వినిపించి ఒడియాలో వివరించడమైనది. అతడు అర్థం చేసుకుని, నేరం చేయలేదని, విచారణ కోరుతున్నట్లు చెప్పాడు.’

అవి రబ్బరు స్టాంపు లాంటి వాక్యాలు. నేనే ఎన్నో వందల సార్లు టైపు చేసి ఉంటాను.

భువనేశ్వర్‌లో ఒక్క రోజు శిక్షణ పెట్టారు. వచ్చినవాళ్లం పదిహేను మందిమి. కోరాపుట్ వైపు నుంచి ఇద్దరు, గంజాం నుంచి ఒకరు, మిగతావాళ్లు ఎక్కడెక్కడివాళ్లో. టీలు, బిస్కెట్లు, ప్రొజెక్టరు మామూలే. మనసులో నిలిచింది ఒకటే. మేడమ్ బోర్డు మీద మూడు ప్రశ్నలు రాశారు: ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది, మీకెలా తెలుసు. ప్రతి విషయాన్నీ వీటిలోంచి జల్లెడ పట్టాలి. మూడోదాని దగ్గర నిలవకపోతే ఎంత ఘోరమైనదైనా వదిలేయాలి, ఎందుకంటే ఒక్క తప్పు దొరికితే ప్రభుత్వం తరఫువాళ్లు నివేదిక మొత్తాన్ని పక్కన పడేస్తారు.

నా వంతు వచ్చినప్పుడు ఊఁ సంగతి చెప్పాను.

"మీకెలా తెలుసు?"

"నేను అక్కడే ఉన్నాను."

"ఉండి ఏం చేశారు?"

ఆవిడ నిలదీయడానికి అడగలేదు, వివరం కోసమే అడిగారు. అయినా ఒళ్లు చెమట పట్టింది. ఏమీ చేయలేదు. రెండు భాషలూ వచ్చినదాన్ని, పది అడుగుల దూరంలో కూర్చుని, నకలు ఎప్పుడిస్తారా అని గోడ గడియారం చూశాను. లేచి "అయ్యా, అతనికి ఒడియా రాదు" అంటే కోర్టు ధిక్కారం ఏమీ కాదు. మనకెందుకులే అనుకున్నాను, అంతే.

ఒడంబడికలో 14వ అధికరణం ఆ రోజే మొదటిసారి చదివాను. 14(3)(ఎ): తన మీద ఉన్న అభియోగం ఏమిటో, ఎందుకో, తనకు అర్థమయ్యే భాషలో, వెంటనే, వివరంగా తెలుసుకునే హక్కు ముద్దాయికి ఉంది. 14(3)(ఎఫ్): కోర్టులో వాడే భాష అర్థం కాకపోతే, మాట్లాడలేకపోతే, ఖర్చు లేకుండా దుబాసీ సాయం. కింద ఉన్న 27వ అధికరణం అల్పసంఖ్యాకుల భాష గురించి. తెలుగు బళ్లు మూతపడుతున్నాయని దాని కింద రాద్దామని కొందరన్నారు. అది పెద్ద కథ, దానికి వేరే మనుషులు కావాలి. నేను 14 దగ్గరే ఆగాను.

మార్చిలో ఆ కుర్రాడి తల్లిని వెతుక్కుంటూ వెళ్లాను. టెక్కలి వైపు ఒక పల్లె. రోడ్డు దిగాక జీడితోటలో నడవాలి. ఆవిడ జీడిపిక్కలు కొట్టే పనిలో ఉంది, వేళ్లన్నీ జీడికి నల్లబడి, తోలు ఊడి ఉన్నాయి. కూర్చోమని పీట వేసింది.

"పిన్నీ, అబ్బాయిని ఎప్పుడు పట్టుకున్నారు?"

"సంకురాత్రి ఎల్లాక తల్లీ. ఈ సంకురాత్రి కాదు, పైది కాదు, ఆ పైది."

అంటే 2022 జనవరి. ఇప్పటికి 26 నెలలు. రాసుకున్నాను. వాడు మొదటి నుంచీ మాటకారి కాదట. "ఆడు సిన్నప్పట్నించీ అంతే. ఏటి సెప్పినా ఊఁ అంతాడు. కోపమొచ్చినా ఊఁ, ఆకలేసినా ఊఁ" అంది. అని, చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకుని కాస్త నవ్వింది కూడా. ఆ నవ్వు ఎక్కడ రాయాలో నాకు తెలియలేదు. ఫారంలో గడి లేదు.

అసలు ప్రశ్న ఆవిడ లేచేటప్పుడు వేసింది.

"ఆ ఊర్లో జడ్జీ ఉంటాడా తల్లీ? మావోడికి బెయిలు ఇత్తాడా?"

ఇవ్వడు. వాళ్లు జడ్జీలు కారు. ఒక మనిషి నేరుగా ఆ కమిటీకి ఫిర్యాదు పెట్టుకోవాలంటే, ఒడంబడికకు అనుబంధంగా ఇంకో ఒప్పందం ఉంది, దేశం అందులో చేరాలి. మన దేశం చేరలేదు. కాబట్టి ఈ అబ్బాయి కేసు అక్కడ విచారించరు, ఇతని లాంటివాళ్ల గురించి దేశాన్ని అడగవచ్చు, అంతే. దీన్ని ఆవిడకు ఎలా చెప్పాను? "లేదు పిన్నీ, అక్కడ బెయిలు రాదు, మీ అబ్బాయి పేరు కూడా చెప్పం, ఇలాంటివి జరుగుతున్నాయని మాత్రం చెప్తాం" అన్నాను. ఆవిడ చాలాసేపు నా మొహం చూసి, "మరి నీకేటొత్తాది?" అంది. బస్సు చార్జీలు ఇచ్చారని చెప్పాను. అదే నిజం. వేలిముద్ర వేసింది. నేను తప్పించుకోలేని పని ఏదో ఎత్తుకున్నానని జాలిపడి వేసిందనే ఇప్పటికీ నా అనుమానం.

తర్వాత లీగల్ ఎయిడ్ వకీలుతో కలిసి జైలుకి ములాఖత్‌కి వెళ్లాను. నీలం చొక్కానే, ఈసారి పిన్నీసు లేదు, తీసేసి ఉంటారు. తెలుగులో మాట్లాడేసరికి దగ్గరకు జరిగాడు.

"అక్కా, ఆర్నెల్లు ఎప్పుడో అయిపోయాయి కదా. ఎందుకు వదలడం లేదు?"

ఆర్నెల్లని ఎవరన్నారు? గదిలో ఎవరో అన్నారట, బస్తా మోసినవాడికి ఆర్నెల్లే అని. వకీలు గారు నా వైపు చూశారు. నేను చెప్పాల్సి వచ్చింది. గంజాయి 20 కిలోలు దాటితే మాదకద్రవ్యాల చట్టం దాన్ని వాణిజ్య పరిమాణం అంటుంది. రుజువైతే తక్కువలో తక్కువ పదేళ్లు, లక్ష రూపాయల జరిమానా. 37వ సెక్షన్ అడ్డం ఉంటుంది కాబట్టి బెయిలు కూడా తేలిగ్గా రాదు. నీ మీద రాసింది 41 కిలోలు. అభియోగం చదివి అప్పటికి ఎనిమిది నెలలు. తన మీద రాసింది ఎంతో, దానికి ఎన్నేళ్లు పడుతుందో వాడికి మొదటిసారి తెలిసింది ఆ కిటికీ దగ్గర, టైపు చేసుకునే మనిషి నోటి నుంచి.

చువ్వ మీద వేలితో ఏదో గీస్తూ ఉండిపోయాడు. తర్వాత "ఊఁ" అన్నాడు.

అరెస్టు తేదీ అడిగితే కాగితం తీశారు. 2022 సెప్టెంబర్. అంటే 18 నెలలు, 26 కాదు. తల్లి అబద్ధం చెప్పలేదు. కొడుకు సంక్రాంతి వెళ్లాక కూలికని ఇల్లు వదిలాడు, మళ్లీ రాలేదు. ఆవిడ లెక్క అప్పటి నుంచి. నేను రెండో ప్రశ్న అడిగాను గానీ మూడోది అడగలేదు, అప్పటికే మేడమ్‌కి 26 అని మెసేజ్ పెట్టేశాను. వెంటనే ఫోన్ చేసి దిద్దించాను. టెన్షన్‌తో ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేను తెచ్చిన అంకె తప్పని ఎవరో ఢిల్లీలో తేల్చి, మొత్తం నివేదిక అబద్ధమంటే?

ఇంకో కేసు కూడా రాసుకున్నాను. కొండ మీది పెద్దాయన ఒకరు, సవర గిరిజనుడు. ఆయన మాట సవరలోంచి తెలుగులోకి, తెలుగులోంచి ఒడియాలోకి రెండు మెట్లు దిగాలి. ఒక వాయిదాకి ఆ పని చేసింది కోర్టు బయట టీ కొట్టు కుర్రాడు, గ్లాసుల ట్రే బల్ల మీద పెట్టి మరీ. గిడుగు రామమూర్తి పంతులు గారు మా పర్లాకిమిడిలోనే ఉండి సవర నేర్చుకుని, నిఘంటువు, వ్యాకరణం రాసి వందేళ్లు కావస్తోంది. ఏటా ఆగస్టు 29న ఆయన ఫొటోకి దండ వేస్తాం. ఆ పెద్దాయన మొదట ఒప్పుకుని, నాలుగు రోజుల తర్వాత మనవడితో వద్దని కబురు పంపాడు. పోలీసులకు తెలుస్తుందేమోనని భయం. పేరుండదు, ఊరుండదు అని చెప్పిద్దామనుకున్నాను. కాస్త కోపం కూడా వచ్చింది, అంత కష్టపడి కొండెక్కాను కదా అని. మేడమ్ ఒక్క మాటే అన్నారు: "తీసేయండి." నా నోట్స్‌లో ఆ పేజీలు చింపేశాను. ఆయన గురించి ఇక్కడ కూడా ఇంతకు మించి రాయను.

రాతపని అన్నిటికన్నా విసుగు. నేను తెలుగులో పదకొండు పేజీలు పంపాను. జీడిపిక్కలు, పిన్నీసు, సంక్రాంతి, అన్నీ ఉన్నాయి. మేడమ్ దాన్ని ఇంగ్లిష్‌లో ఒక పేజీ చేశారు. వేరేవాళ్లు సగం పేజీ చేశారు. ఉమ్మడి నివేదికలో అందరి అంశాలూ పట్టాలి: మణిపూర్, సాయుధ బలగాల ప్రత్యేక అధికారాల చట్టం, ఉగ్రవాద కేసుల్లో పెట్టే యూఏపీఏ చట్టం, ఇంటర్నెట్ నిలిపివేతలు, ఉరిశిక్ష. వాటి ముందు మా కోర్టు హాలు చిన్నదే, ఆ మాట ఒప్పుకోవాలి. చివరికి నిలిచినవి నాలుగు లైన్లు. సరిహద్దు జిల్లాల్లో కోర్టు భాష రాని ముద్దాయిలకు అభియోగం వివరించకుండానే వివరించినట్టు నమోదవుతోందని, ఒక మాదకద్రవ్యాల కేసులో ముద్దాయికి అభియోగం, శిక్ష ఏమిటో ఎనిమిది నెలలు తెలియలేదని. పక్కన 14(3)(ఎ), (ఎఫ్). పైన దేశం మొత్తం లెక్క: 2022 చివరికి జైళ్లలో 5,73,220 మంది ఉంటే అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలే, నూటికి 75 మందికి పైగా.

‘ఊఁ’ లేదు. దాన్ని ఎలా అనువదించాలో ముగ్గురం గంటసేపు కొట్టుకున్నాం. ఇంగ్లిష్‌లో ఏం రాసినా ‘అవును’ అన్నట్టే వస్తోంది. అంటే కోర్టు చేసిన తప్పునే మేమూ చేస్తున్నాం. తీసేశాం.

2024 జూలై 15, సోమవారం. జెనీవాలో మధ్యాహ్నం మూడు గంటలంటే మనకు సాయంత్రం ఆరున్నర. ఐక్యరాజ్యసమితి వెబ్ టీవీలో ఎవరైనా చూడొచ్చు. సీనియర్ గారు "నాకు క్రికెట్ తప్ప లైవులు పడవు" అన్నారు గానీ ఏడింటికల్లా ఆఫీసుకి వచ్చి నా వెనక కుర్చీ వేసుకున్నారు. బయట వాన. రెండుసార్లు కరెంటు పోయింది, ఫోన్ హాట్‌స్పాట్ మీద నడిపించాం.

కమిటీలో 18 మంది సభ్యులు, ఒక్కొక్కరు ఒక్కో దేశం వాళ్లు. మన తరఫున అటార్నీ జనరల్ ఆర్. వెంకటరమణి, సొలిసిటర్ జనరల్ తుషార్ మెహతా, విదేశాంగ శాఖ అధికారులు, ఇంకా పెద్ద బృందం. పద్ధతి ఇదీ: సభ్యులు అంశాలు పంచుకుని ప్రశ్నల మీద ప్రశ్నలు వేస్తారు, బృందం రాసుకుని జవాబులు చెప్తుంది, మళ్లీ ప్రశ్నలు. ఆ రోజు మూడు గంటలు, మర్నాడు మూడు గంటలు. అప్పటికీ మిగిలినవాటికి 48 గంటల్లో రాతపూర్వకంగా జవాబు పంపుకోవచ్చు. అరుపులు లేవు, సాక్షులు లేరు, తీర్పు లేదు. "ఇది కోర్టు కాదమ్మా, డిపార్ట్‌మెంటల్ ఇన్‌స్పెక్షన్ లాంటిది" అన్నారు సీనియర్ గారు. నాకు అంతకన్నా మంచి పోలిక దొరకలేదు.

నేను మాత్రం చూస్తున్నది చెవుల్ని. అందరి చెవుల దగ్గరా ఇయర్‌ఫోన్. ఇంగ్లిష్, ఫ్రెంచి, స్పానిష్, సభ్యులు ఎవరికి వచ్చిన భాషలో వాళ్లు మాట్లాడొచ్చు. దుబాసీలు ఎక్కడో గదుల్లో కూర్చుని వాక్యం పూర్తయ్యేలోపే ఇంకో భాషలో అందిస్తారు. ఎవరైనా మరీ వేగంగా చదివితే, దుబాసీల కోసం నెమ్మదిగా మాట్లాడమని గుర్తుచేస్తారట. మా తెర మీద కూడా భాష ఎంచుకునే మీట ఉంది. సీనియర్ గారు దాన్ని నొక్కించి కాసేపు ఫ్రెంచి విన్నారు. "ఏమైనా అర్థమైందా సార్?" అన్నాను. "ఊఁ" అన్నారు. అని, తనే ఉలిక్కిపడ్డట్టు నన్ను చూశారు.

మా నాలుగు లైన్లు ఎవరైనా చదువుతారేమోనని రెండు రోజులూ కాచుకున్నాను. ఎంతసేపూ కరెంటూ నెట్టూ చూసుకోవడంతోనే సరిపోయింది. రెండో రోజు మధ్యాహ్నం ఒకటిన్నరకి మొదలైంది, పని ఉండి ముక్కలు ముక్కలుగా విన్నాను. నేను విన్నంతలో మా జిల్లాల ఊసు లేదు.

జూలై 25న కమిటీ తన అభిప్రాయాలు బయట పెట్టింది. మనతో పాటు మాల్దీవులు, సిరియా, క్రొయేషియా ఇంకా మరికొన్ని దేశాలవి కూడా. మైనారిటీలు, ఎస్సీ, ఎస్టీల మీద వివక్ష, హింస గురించి ఉంది. సాయుధ బలగాల చట్టం, ఉగ్రవాద నిరోధక చట్టాల్లో కొన్ని నిబంధనలు ఒడంబడికకు సరిపడవని ఉంది. ఫోన్‌లో ఒక్కో పేజీ పెద్దది చేసుకుంటూ చివరిదాకా చదివాను. పర్లాకిమిడి ఉండదని తెలుసు, అయినా వెతికాను. ఇప్పుడు ఎనిమిదేళ్లకోసారి తిరిగే చక్రం పెట్టుకున్నారు కాబట్టి మళ్లీ ఇరవై ఏడేళ్లు ఆగనక్కర్లేదని మేడమ్ సంబరపడ్డారు. ఎనిమిదేళ్లు తక్కువేం కాదు అనిపించింది నాకు. ఆవిడ సంబరాన్ని పాడు చేయలేదు.

తల్లికి ఫోన్ చేసి, అయిపోయింది పిన్నీ అన్నాను. "ఆడి సంగతి సెప్పినారా?" అంది. కాగితంలో పెట్టాం అన్నాను. "ఊఁ" అని పెట్టేసింది.

ఆ తర్వాతది నేను అనుకోనిది. ఆగస్టులో సీనియర్ గారు పాత ఫైలు ఏదో వెతుకుతున్నట్టు వచ్చి, "ఆ కుర్రాడి వకాల్తా మనం తీసుకుందామా?" అన్నారు. ఫీజు మాట ఎత్తలేదు. సాక్షుల విచారణ ఇంకా మొదలు కాలేదు. 279 కింద దుబాసీ కావాలని పిటిషన్ తనే డిక్టేట్ చేశారు. హరికిసన్ కేసు పెట్టారు. ఒడంబడిక కూడా ఒక పేరాలో పెట్టమంటే "జెనీవా వద్దు, జడ్జి గారికి మనం గొప్పలు పోతున్నట్టుంటుంది" అని కొట్టేశారు. నేను వాదించాను. 1993 నాటి మానవ హక్కుల పరిరక్షణ చట్టం నిర్వచనంలోనే అంతర్జాతీయ ఒడంబడికలు అన్న మాట ఉంది కదా అన్నాను. చివరికి ఒక లైను ఉండనిచ్చారు. ఆ లైను ఎవరైనా చదివారో లేదో గానీ పిటిషన్ ఒప్పుకున్నారు. తెలుగు దుబాసీ అని ఉద్యోగి ఎవరూ లేరు. రెండు పక్షాలకూ అభ్యంతరం లేదు కాబట్టి నన్నే పెట్టారు.

దసరా సెలవుల తర్వాత వాయిదా. దుబాసీ కూడా సాక్షిలాగే ప్రమాణం చేయాలి, 1969 నాటి ప్రమాణాల చట్టంలో ఉంది. పద్నాలుగేళ్లు కోర్టుల్లో తిరిగినా అలా అందరి ముందూ నిలబడి చెయ్యెత్తడం నాకు మొదటిసారి. నోరు ఎండిపోయింది. నన్ను బోను పక్కనే నిలబెట్టారు. వెనక బెంచీ మీద నల్లటి వేళ్లు ఒళ్లో పెట్టుకుని వాళ్లమ్మ.

మొదటి సాక్షి పట్టుకున్న బృందంలోని అధికారి. ఎక్కడ ఆపారో, ఎంతమంది ఉన్నారో చెప్తున్నాడు. నేను ఒక్కో వాక్యం చెవి దగ్గర తెలుగులో చెప్తున్నాను. వాడు మొదలెట్టాడు: ఊఁ. ఊఁ.

"ఊఁ కొట్టకు. అర్థమైతే అయిందను, లేకపోతే లేదను" అన్నాను, గట్టిగా. జడ్జి గారు తలెత్తి "ఏమిటి?" అన్నారు. ఒడియాలో చెప్పాను. ఆయన పెన్ను కింద పెట్టి, సాక్షిని కాస్త ఆగమన్నారు.

సాక్షి మళ్లీ మొదలెట్టాడు. ముద్దాయి దగ్గర రెండు బస్తాలు దొరికాయి, తూకం వేస్తే మొత్తం 41 కిలోల 200 గ్రాములు. నేను అదే చెప్పాను.

వాడు నా వైపు తిరిగాడు. "రెండు కాదక్కా. నా నెత్తి మీద ఉన్నది ఒకటే. రెండోది ముందు నడిచినోడిది, ఆడు పారిపోయాడు."

హాలంతా మమ్మల్నే చూస్తోంది. ఏమంటున్నాడని జడ్జి గారు అడిగారు. ఉన్నదున్నట్టు ఒడియాలో చెప్పాను, పారిపోయినవాడితో సహా. అది ఇప్పుడు రికార్డులోకి రాదు, క్రాస్‌లో మీ వకీలు అడుగుతారని అతనికి చెప్పమన్నారు. చెప్పాను. "అయింది" అన్నాడు, స్పష్టంగా.

సీనియర్ గారు తన కాగితం మార్జిన్‌లో ‘ఒకటే బస్తా’ అని తెలుగులో రాసుకుని కింద రెండు గీతలు గీశారు. గోడ గడియారంలో పన్నెండున్నర. సాక్షి రెండో బస్తాకి వేసిన సీలు గురించి చెప్పడం మొదలుపెట్టాడు.